ఇరవయ్యో లెవెల్ మొగుడు

మా ఆయన ఎవరిని చూసి కుళ్ళుకున్నాడో చెబితే మీరు నవ్వుతారు. గుడివాడలో మాకంటే పెద్ద రైస్‌మిల్లులున్నవాళ్ళు బోలెడుమంది, వాళ్ళను చూసి కాదు. కొత్త కారు కొన్న తోడల్లుణ్ణి చూసీ కాదు. గవ్వ అనే ఒక పిల్లను చూసి. ఆ పిల్ల పడవ నడుపుతుంది, చేతిలో గెడ తప్ప వేరే ఆస్తి లేదు, లెవెల్ రెండు. పైగా అసలు లేని పిల్ల. కాగితం మీద మాత్రమే ఉంది.

ముందు ఆట సంగతి చెప్పాలి. ప్రతి ఆదివారం మేము గుడివాడ నుంచి బందరు వెళ్తాం, నాగేంద్రబాబు ఇంటికి. నాగేంద్ర మా ఆయన గిరీష్‌కు ఇంజనీరింగ్ కాలేజీ స్నేహితుడు. దివిసీమలో హంసలదీవి పక్క పల్లె వాళ్ళది, తండ్రి ఇప్పటికీ సముద్రం మీద వేటకు వెళ్తాడు. చుట్టరికం లేకపోయినా వీళ్ళిద్దరూ ఒకర్నొకరు బావా అనే పిలుచుకుంటారు. నాగేంద్ర ఒక కథ చెబుతాడు. అందులో రాజ్యాలుంటాయి, రాక్షసులుంటారు, మంత్రాలుంటాయి. మేము ఒక్కొక్కరం ఒక్కో పాత్ర. మా పాత్ర ఏం చేయబోతోందో మేము చెబుతాం, చేయగలిగిందో లేదో ఇరవై ముఖాల డైస్ వేసి తేలుస్తాం. గెలిచినకొద్దీ పాత్ర లెవెల్ పెరుగుతుంది.

నాకేమీ ఈ ఆట మీద మోజు లేదు. పెళ్ళయిన కొత్తలో ఆదివారాలన్నీ మొగుడు బందరులో గడిపేస్తుంటే, ఆ మొగుడి మొహం చూడాలంటే నేనూ ఆడక తప్పదని చేరాను.

గిరీష్ పాత్ర పేరు వజ్రకేతుడు. మహామాంత్రికుడు, ఇరవయ్యో లెవెల్. ఆటలో అంతకుమించి లెవెల్ లేదు. కొండను పక్కకు జరుపుతాడు, గాలిలో ఎగురుతాడు, చచ్చినవాణ్ణి లేపి మాట్లాడిస్తాడు. ఏ పనికీ డైస్ కూడా అక్కర్లేదు, అన్నాడంటే అయిపోవాల్సిందే. నేనేమో వైద్యురాలిని. వజ్రకేతుడి పక్కన ఉంటే ఎవరికీ గాయాలు తగలవు కాబట్టి ఏళ్ళ తరబడి ఈగలు తోలుకుంటున్నాను. మా ఇంకో స్నేహితుడు శ్రీకృష్ణది ఖడ్గవీరుడి పాత్ర. కత్తి దూసేలోపే ఎదుట ఉన్నది బూడిదైపోతుంది కాబట్టి అతను మేము ఇంటినుంచి తెచ్చిన చేగోడీలన్నీ తినేసి వెళ్తుంటాడు.

పాపం నాగేంద్రకే అందరికంటే కష్టం. వజ్రకేతుడికి సరిజోడైన శత్రువును తెస్తే, వాడి ఊపిరి తగిలి మేము చస్తాం. మాకు సరిపడే శత్రువును తెస్తే వజ్రకేతుడు తుమ్మేసరికి పోతాడు. వారమంతా కూర్చుని రాసుకొచ్చిన యుద్ధం టీ చల్లారేలోపు ముగిసిపోయేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు. "బావా, వజ్రకేతుడికి రిటైర్‌మెంట్ ఇద్దాంరా. ఏ కొండ మీదో ఆశ్రమం కట్టిస్తాను. నువ్వు కొత్త క్యారెక్టర్‌తో మొదలెట్టు."

"ఇన్నేళ్ళు పెంచుకున్నది ఆశ్రమంలో కూర్చోబెట్టడానికా?" అన్నాడు మా ఆయన. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు నాగేంద్ర.

వజ్రకేతుడి దగ్గర ఇంకోటి కూడా ఉంది. మహావరం. ఒక్కసారే వాడాలి. ఏం కోరితే అది జరుగుతుంది, కాకపోతే కోరినవాడి శక్తంతా పోయి మళ్ళీ ఒకటో లెవెల్‌కు వచ్చేస్తాడు. మా ఆయన దాన్ని బ్యాంకు లాకర్లో నగలా దాచుకున్నాడు.

అలా ఉండగా నాగేంద్రకు పెళ్ళయింది. నాగాయలంక పిల్ల, ప్రసన్నలక్ష్మి, ఆమెదీ దివిసీమే. మొదటి రెండు ఆదివారాలు టీలు అందించి గుమ్మంలో నిలబడి చూసింది. మూడో ఆదివారం, "నేనూ ఆడొచ్చాండీ?" అంది. అలా పుట్టింది గవ్వ.

ఆ రోజు గవ్వ చేసిన ఘనకార్యం ఏమిటంటే, కాలువ మీద అడ్డంగా వేసిన తాటిదుంగ దాటడం. వజ్రకేతుడైతే కాలువను చూడను కూడా చూడడు, పైనుంచి ఎగిరిపోతాడు. ప్రసన్నలక్ష్మి మాత్రం చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నానంది. దుంగ తడిగా ఉందా అని అడిగింది. డైస్ వేసే ముందు కళ్ళు మూసుకుంది. మూడు పడింది. గవ్వ జారి నీళ్ళలో పడి మోకాలు చీరుకుంది. మేమందరం ఒక్కసారే "అయ్యయ్యో" అన్నాం. శ్రీకృష్ణ చేగోడీ పక్కన పెట్టేసి తాడు విసిరాడు. నేను కట్టు కట్టాను. ఇన్నాళ్ళకు నా చేతికి పని దొరికిందని నా సంతోషం నాది. నాగేంద్ర అయితే కుర్చీ అంచుకు వచ్చేసి, గడ్డం కింద రెండు పిడికిళ్ళూ పెట్టుకుని, తర్వాత ఏం జరుగుతుందో తనకే తెలియనట్టు చూస్తున్నాడు.

మా ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు.

కారులో తిరిగి వచ్చేటప్పుడు అందుకున్నాడు. "అంత అరుపులెందుకు? తాటిదుంగేగా?"

"దాటలేదుగా, పడిపోయింది," అన్నాను.

"అదే! పడినదానికి కూడా చప్పట్లు! కొత్త పెళ్ళాం కదా, ఏం చేసినా ముద్దుగానే ఉంటుంది వాడికి."

కడుపుమంటకు పేరు పెట్టక్కర్లేదు కాబట్టి నేను నోరు మూసుకున్నాను. గుడ్లవల్లేరు దాకా ఆయన గొణుగుతూనే ఉన్నాడు.

తర్వాత ఆదివారాల్లో కథ తెల్లదిబ్బ అనే ఊరికి చేరింది. నది సముద్రంలో కలిసే చోట, కాలువ చిట్టచివర ఉన్న ఊరు. పై ఊళ్ళవాళ్ళు నీళ్ళన్నీ తోడేసుకుంటుంటే తెల్లదిబ్బ నాట్లు ఎండిపోతున్నాయి. గవ్వ ఒక్కో ఊరూ తిరిగి, చివరి ఊరికి ముందు వంతు ఇవ్వండని బతిమాలింది. ఒక ఊళ్ళో తిట్లు తింది. ఇంకో ఊళ్ళో పెద్దమనిషి మనవరాలికి ఈత నేర్పి మాట పుచ్చుకుంది. ఒక్క ఊరి పెద్ద మిగిలాడు. అతను సరేనంటే కాలువ గేట్లు లేస్తాయి. ఆ చివరి పెద్దమనిషి గొంతు నాగేంద్ర ముక్కుతో మాట్లాడి చేస్తుంటే మేము పడీ పడీ నవ్వాం.

ఆ ఆదివారం ఆట మొదలుపెడుతూ నాగేంద్ర చెప్పాడు. "ఇవాళ అమావాస్య. పోటు మీదుంది సముద్రం. ఉప్పునీళ్ళు ఏట్లోకి ఎగదన్ని తెల్లదిబ్బ రేవు దాకా వచ్చేశాయి." మేము విన్నాం. మా ఆయన ఎవరికో మెసేజ్ కొడుతున్నాడు.

ప్రసన్నలక్ష్మి పెద్దమనిషికి చెప్పాల్సిందంతా చెప్పింది. ఇక డైస్ వేయడమే మిగిలింది. గుప్పిట్లో డైస్ పట్టుకుని నుదుటికి ఆనించుకుంది. నాగేంద్ర మళ్ళీ కుర్చీ అంచుకు వచ్చాడు, పిడికిళ్ళు గడ్డం కిందికి చేరాయి. నేను గిరీష్ వైపు చూశాను. ఆయన చూపు నాగేంద్ర మీద ఉంది, మొహం మాడిపోయి ఉంది.

"ఆగండి," అన్నాడు. "ఇంత బతిమాలుకోవడం దేనికి? వజ్రకేతుడు జలాకర్షణ మంత్రం వేస్తున్నాడు. దగ్గర్లో ఉన్న నీళ్ళన్నీ తెల్లదిబ్బ పొలాల్లోకి."

ప్రసన్నలక్ష్మి డైస్ పట్టుకున్న చెయ్యి అలాగే దించింది.

"ఖాయమేనా బావా?" అన్నాడు నాగేంద్ర.

"ఖాయం."

"దగ్గర్లో ఉన్న నీళ్ళా?"

"చెవుడా నీకు? దగ్గర్లో ఉన్న నీళ్ళే!"

ఇరవయ్యో లెవెల్‌కు డైస్ అక్కర్లేదు. నీళ్ళు వచ్చేశాయి. గట్లు దాటి, మోకాలి లోతున, చేలన్నీ నిండిపోయాయి. నాగేంద్ర ఇంకేమీ చెప్పకుండా భార్య వైపు చూశాడు. ప్రసన్నలక్ష్మి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా అంది. "గవ్వ వంగి దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకుందండీ."

"ఉప్పు," అన్నాడు నాగేంద్ర.

గుడివాడవాడికి నీళ్ళంటే పైనుంచి కాలువలో వచ్చేవే. కిందినుంచి కూడా వస్తాయని దివిసీమలో పుట్టినవాళ్ళకు తెలుసు. ఆ చేలలో ఇంక కొన్నేళ్ళపాటు గడ్డి కూడా మొలవదు.

గిరీష్ లేచి నిలబడ్డాడు. "కావాలని చేశావు! నీ పెళ్ళాం గెలవాలని నా మంత్రాన్ని చెడగొట్టావు."

"నీ మంత్రాన్ని అరంగుళం కూడా తగ్గించలేదురా. నువ్వు అడిగినంతా ఇచ్చాను. పోటు సంగతి మొదట్లోనే చెప్పాను. నువ్వు ఫోన్లో ఉన్నావు."

"పర్వాలేదులెండి అన్నయ్యగారూ, ఆటేగా," అంది ప్రసన్నలక్ష్మి. అంటూనే వంటింట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపు బయటికి రాలేదు. నాకు మా ఆయన్ని అక్కడే నాలుగు దులపాలనిపించింది.

పెడన దాటాక కారు పక్కకు ఆపాడు. అద్దకం గుడ్డలు ఆరేసిన మైదానం వంక చూస్తూ కూర్చున్నాడు.

"వాడు నా వంక అలా చూసి ఎన్నాళ్ళయిందో తెలుసా?" అన్నాడు. "కాలేజీలో మొదలెట్టినప్పుడు నా వజ్రకేతుడికి ఒక కర్ర, ఒక చిరుగుల శాలువా. గబ్బిలం కరిస్తే చచ్చేవాణ్ణి. అప్పుడు వాడు అలాగే కూర్చునేవాడు, పిడికిళ్ళు గడ్డం కింద పెట్టుకుని. ఇప్పుడు నేను రాజ్యాలు కూల్చినా వాచీ చూసుకుంటాడు."

"మీరు గెలుస్తారని అందరికీ ముందే తెలుసు. ఇంక చూడ్డానికేముంది?"

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నేను చూడనట్టు నటించాను.

తర్వాతి ఆదివారం ఆయన రాడనుకున్నాను. నాకంటే ముందు తయారై కూర్చున్నాడు. బందరులో నాగేంద్ర పుస్తకం తెరవకముందే అన్నాడు, "బావా, మహావరం వాడుతున్నాను."

శ్రీకృష్ణ నోట్లో చేగోడీ అలాగే ఉండిపోయింది.

"అంతా పోతుందిరా," అన్నాడు నాగేంద్ర.

"తెలుసు. పోయిన ఆదివారం నేను ఆ మంత్రం వేయకముందు క్షణానికి వెనక్కి వెళ్ళిపోవాలి అందరం. గవ్వ ఆ పెద్దమనిషి ముందు నిలబడి ఉండాలి. డైస్ చెల్లెమ్మ చేతిలో ఉండాలి." అని, వజ్రకేతుడి కాగితం మీద ఇరవై కొట్టేసి ఒకటి వేశాడు.

ప్రసన్నలక్ష్మి ఆయన వంక ఒక్క క్షణం చూసి, డైస్ నుదుటికి ఆనించుకుని వేసింది.

నాలుగు.

పెద్దమనిషి ముక్కుతో, "కుదరదమ్మా," అన్నాడు. గేట్లు లేవలేదు. మా ఆయన ఇరవై లెవెళ్ళూ పోసి కొన్నది ఆ నాలుగు. ఆయన ఏమంటాడో అని నేను ఆయన వైపే చూశాను.

"అన్నయ్యగారూ," అంది ప్రసన్నలక్ష్మి, "వజ్రకేతుడు ఇప్పుడేం చేయగలడండీ?"

గిరీష్ కాగితం పైనుంచి కిందిదాకా వెతికాడు. ఒక కర్ర, ఒక చిరుగుల శాలువా. "మంత్రాలేం లేవమ్మా," అన్నాడు. "ఆ పెద్దమనిషి గుమ్మంలో కూర్చుంటాడు. ఒప్పుకునేదాకా లేవడు. తిట్టినా లేవడు, నీళ్ళు కుమ్మరించినా లేవడు."

"డైస్ వెయ్యాలి బావా," అన్నాడు నాగేంద్ర. "పదిహేను దాటితేనే."

గిరీష్ జేబులు తడుముకున్నాడు. డైస్‌తో పనిలేక తేవడం మానేసి చాలాకాలమైంది. ప్రసన్నలక్ష్మి తనది ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన దాన్ని ఊపి, కళ్ళు మూసుకుని, వదిలాడు. అది బల్ల మీద దొర్లుకుంటూ పోయింది. నాగేంద్ర కుర్చీ అంచుకు వచ్చేశాడు, రెండు పిడికిళ్ళూ గడ్డం కిందికి చేరాయి.

ఎంత పడిందో అందరూ చూశారు, ఇద్దరం తప్ప. మా ఆయన డైస్ చూడలేదు. కళ్ళు తెరిచి నాగేంద్ర మొహమే చూస్తున్నాడు, పండగనాటి పిల్లాడిలా. నేను మా ఆయన మొహం చూస్తున్నాను. ఆ మొహం కోసమే నేను ఈ ఆటలో చేరాను. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అది నా వైపు తిరిగి అలా వెలగలేదు. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, నాగేంద్రను చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.