పడమటి కిటికీలు

రెక్కలు దగ్గరకు లాగి, చెయ్యి పూర్తిగా పైకెత్తి పై గడియ బిగించి, అరచేత్తో ఒకసారి తట్టాడు కిటికీల బాబాయ్. ఇది ఏడోదా, ఎనిమిదోదా? వెనక్కి తిరిగి చూశాడు. లెక్క తెగిపోయింది. పోనీలే, చేతులకు తెలుసు అనుకుని ముందుకు నడిచాడు. ఆరేళ్లుగా రోజూ చేస్తున్న పని మరి.

ఆ వృద్ధాశ్రమంలో ఏసీలు లేవు. మూరెడు మందం మట్టిగోడలు, వేడిగాలి పైకి పోయేందుకు కప్పులో గొట్టాలు, చుట్టూ కిటికీలు. సాయంత్రం అన్నీ తెరిస్తే రాత్రంతా గోడలు చల్లబడతాయి. పొద్దున ఎనిమిదిలోపు మూసేస్తే ఆ చల్లదనమే మళ్లీ సాయంత్రం దాకా ఉంటుంది. కిటుకంతా అంతే. ఈ ఇల్లు గీసింది ఇంజనీరమ్మ. గోడలకు మట్టి తొక్కింది బాబాయ్. ఇల్లు పూర్తయ్యాక ఆవిడే అతన్ని ఈ పనిలో పెట్టించింది. అరవై ఏడేళ్ల ఒంటరి మనిషికి ఇంతకంటే ఏం కావాలి? తిండి ఇక్కడే, పడక ఇక్కడే.

అలాంటి ఇంటికి ఏం మాయరోగం వచ్చిందో గానీ, పన్నెండు రోజులుగా పడమటి గదులు మధ్యాహ్నానికల్లా కుంపట్లయిపోతున్నాయి. ముసలివాళ్లు ఉసూరుమంటున్నారు. మేనేజరుకైతే ఇదే అదనుగా దొరికింది. "నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా, మట్టికొంప మట్టికొంపే. ఏసీలు పెట్టించేద్దాం" అని కనబడిన వాళ్లందరికీ చెబుతున్నాడు. అందుకే ఇవాళ ఇంజనీరమ్మ పరుగెత్తుకొచ్చింది.

"బాబాయ్, ఒక్కమాట. కిటికీలు వేళకి మూస్తున్నావు కదా?"

"అదేం మాటమ్మా! ఒక్కరోజు తప్పానంటే ఒట్టు."

అబద్ధమేమీ ఆడలేదు. అతనికి తెలిసిన నిజం అదే. ఆవిడ గోడ మీద చెయ్యి ఆనించి వేడి చూసింది. "మరి పన్నెండు రోజుల్లో ఏం మారింది? నా లెక్కే తప్పేమో" అంది. ఆ మొహం చూస్తే బాబాయ్‌కి జాలేసింది. ఏం మారింది? ఎంత బుర్ర గోక్కున్నా తట్టలేదు. తోచక, మంచినీళ్ల చెంబు పట్టుకుని మిషనమ్మ గదికి బయల్దేరాడు.

నలభై ఏళ్లు కుట్టుమిషను తొక్కి బతికిన మనిషి గనుక ఆవిడ అందరికీ మిషనమ్మ. ఎనభై రెండేళ్లు. ఈ మధ్యే వరండా మలుపులో పడి తుంటి విరగ్గొట్టుకుంది. అక్కడికెందుకు వెళ్లావంటే "నా ఇష్టం" అంటుందే తప్ప మరో మాట లేదు. ఈ వయసులో ఆపరేషను తట్టుకోలేదన్నారు డాక్టర్లు. రెండు రోజులుగా ఆయాసం కూడా ఎక్కువైంది.

"ఏం తమ్ముడూ, మొహం వేలాడేశావు?"

అతను సంగతంతా చెప్పాడు. ఆవిడ ఊపిరి కూడదీసుకుంది.

"నా కిటికీ చూడు."

తెరిచే ఉంది. పొద్దున ఈ గదిలోకి వచ్చాడు కదా. పలకరించాడు. దుప్పటి సర్దాడు. కిటికీ మూశాడు. మూశాడా?

"ఎవరో తీశారక్కా."

"ఎవరూ తియ్యలేదు. నువ్వు మూయలేదు. రోజూ నాలుగైదు వదిలేస్తున్నావు. ఏడాదిగా నీ వెనకే తిరిగి నేను మూస్తున్నా. ఇప్పుడు మంచాన పడ్డా కదా, ఇల్లు వేడెక్కింది. ఏసీల దాకా పోతుందని నాకేం తెలుసు?"

"వేళాకోళమా? నాకు మతిమరుపేంటి!"

"పోయి చూసుకో."

"నిజమైతే ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెబితే నిన్ను పంపించేస్తారు. నువ్వు పోతే పోట్లాడ్డానికి నాకెవరున్నారిక్కడ?" అని ఆవిడ కళ్లు మూసుకుంది.

ఒళ్లు మండిపోయి విసవిసా వరండాలోకి వచ్చాడు. పక్కగది కిటికీ తెరిచి ఉంది. దాని అవతలిదీ అంతే. రెంటి ముందూ నిలబడి పొద్దుటి సంగతి గుర్తుచేసుకోబోయాడు. ఏమీ లేదు అక్కడ. కోపం ఎటు పోయిందో తెలియదు గానీ భయం పట్టుకుంది, చిన్నపిల్లాడికి పట్టుకునేలాంటి భయం. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఏసీలు వస్తాయి, ఇంజనీరమ్మ పేరు పోతుంది, తన అన్నం తనకు ఉంటుంది. నోరు విప్పితే ఎక్కడికి పోవాలి? ఆలోచన తెగకముందే కాళ్లు ఆఫీసుగది ముందుకు తీసుకుపోయాయి.

"అమ్మా, మీ ఇల్లు బాగానే ఉంది. నేనే కిటికీలు మూయడం మర్చిపోతున్నా."

ఆవిడ చేతిలో కాగితాలు పక్కన పెట్టింది. "ఎన్నాళ్ల నుంచి బాబాయ్?"

"అదీ తెలియట్లేదమ్మా."

మేనేజరు ఏదో అనబోతే ఆవిడ చేత్తో వారించింది. ఏసీలు అక్కర్లేదని తేల్చేసింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "కానీ రేపట్నుంచి ఈ పని వేరేవాళ్లకి ఇవ్వాలి. నిన్ను డాక్టరుకి చూపిద్దాం. ఆ తర్వాత సంగతి… చూద్దాం" అంది. అతను తలూపాడు. ఏం చూస్తారో అడగాలని తోచలేదు.

చెప్పేశానక్కా, చూడు నా గతేమైందో అని నిష్ఠూరమాడదామని వెనక్కి వచ్చాడు. నర్సు దుప్పటి సరిచేస్తోంది.

"ఇప్పుడే బాబాయ్. నీళ్లడిగింది. గ్లాసు అందుకునేలోపే…"

అతనికి ఏడుపు రాలేదు. ఏం చెయ్యాలో కూడా తెలియలేదు. "ఈ కిటికీ మూయాలా, తెరిచి ఉంచాలా?" అని అడిగాడు. నర్సుకీ తెలియదు. చివరికి మూశాడు.

పని ఇంకా ఈ పూటకు తనదే. మొదటి కిటికీ దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాడు, ఒక్కొక్క గడియా తడుముతూ, అంకె పైకే చెబుతూ. పదితో గదులు అయిపోయాయి. పడమటి వైపు మొత్తం పదకొండు కదా? మలుపు తిరిగి, దుప్పట్లు పెట్టే చెక్క బీరువా పక్కకు వెళ్లాడు. ఉంది. రెక్కలు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. వడగాలి మొహానికి కొట్టింది. ఇక్కడికి తను వచ్చి ఎన్నాళ్లయిందో!

రెక్కలు లాగి పై గడియకు చెయ్యెత్తాడు. మిగతావాటికంటే ఎత్తులో ఉంది, మునివేళ్ల మీద లేస్తే గానీ అందలేదు. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. మిషనమ్మ తన భుజానికి కూడా రాదు.

కిందికి చూశాడు. బీరువాకూ గోడకూ మధ్య సందులో, రంగురంగుల గుడ్డపీలికలతో కుట్టిన మెత్త ఉన్న పొట్టి స్టూలు ఒకటి, పక్కకు ఒరిగి పడి ఉంది.