ఇంటికొకటి

ఆమె అట్టపెట్టె విప్పి, వత్తులన్నీ ఒకే వైపుకు వచ్చేలా కొవ్వొత్తులను రేకు డబ్బాలో నిలబెడుతోంది. గాలివాన వెళ్ళిపోయింది గానీ కరెంటు ఇంకా రాలేదు. పురికొస లాగి లాగి ఆమె వేళ్ళకు కాయలు కాచాయి. పెళ్ళికి ముందు నుంచీ ఆ కొట్లోనే పని కాబట్టి వీధంతా ఆమెను కొట్టక్క అంటుంది.

కొట్టు యజమాని ఆమెకు వరసకు బాబాయి. పొద్దున్నే చెప్పి వెళ్ళాడు.

"ఇవాళ కొవ్వొత్తి అయిదు కాదమ్మా. ఇరవై."

మొదట లాడ్జి మేనేజరు వచ్చాడు.

"ఎంతక్కా?"

ఇరవై అనబోయింది. ఏళ్ళ తరబడి అలవాటైన నోరు అయిదంది.

"అయితే పెట్టె మొత్తం కట్టెయ్."

అడిగినవాళ్ళకు లేదనడం ఆమెకు చేతకాదు. కట్టేసింది. వెనక నిలబడ్డవాళ్ళు ఉత్తచేతులతో వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం కుట్టుపని చేసే పక్కింటావిడ వచ్చింది. గాలివానకు ఎగిరొచ్చిన రేకు తగిలి ఆవిడ భర్త కాలికి లోతుగా తెగింది.

"రాత్రికి కట్టు మార్చాలి కదక్కా. లాడ్జి మేనేజరు మెట్ల మీద అమ్ముతుంటే ముప్పై పెట్టి కొన్నాను. మంచిదానివి నువ్వు, బాగుపడ్డవాడు వాడు, ఖాళీ అయింది నా చేతి సంచి."

ఈ సంగతి విని బాబాయి కోప్పడలేదు, నవ్వాడు.

"ఇరవై అంటే ఒక్కోడు ఒక్కటి కొని పోయేవాడు. నలుగురికీ అందేది. నీ ధర్మమంతా లాడ్జివాడి బొజ్జలోకి పోయింది."

ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే ఆమెకు గుచ్చుకుంది.

సాయంత్రం గోదాము నుంచి ఇంకో పెట్టె దిగింది. అదే ఆఖరిది. అప్పటికే కొట్టు ముందు వరస కట్టారు.

"వాడే ముప్పైకి అమ్ముతుంటే మనకేం రోగం? ముప్పై చెప్పు."

"అయిదే చెప్తాను బాబాయ్. ఇంటికొకటే ఇస్తాను."

"కొట్టు నాదమ్మా."

"నీదే."

"నా మాట వినని మనిషి నాకెందుకు?"

ఇంట్లో పొయ్యి రాజేది ఆ జీతంతోనే. ఆమె ఒక్క క్షణం పెట్టె మీద చెయ్యి ఆనించి నిలబడింది. తర్వాత మూత చించింది. అంతమంది చూస్తుండగా పెట్టె లాక్కోలేక బాబాయి గల్లా దగ్గర కూలబడ్డాడు.

వరసలో లాడ్జి మేనేజరు మళ్ళీ వచ్చాడు.

"మా గదులన్నీ లెక్కేసుకో అక్కా. ఎన్ని గదులో అన్ని ఇళ్ళు."

"వంటిల్లు ఒక్కటే కదయ్యా," అని ఒకటి చేతిలో పెట్టింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

మసక చీకటి పడేసరికి పెట్టె అడుగు కనబడింది. ఆమె చేతులు తుడుచుకుని చెప్పులు వేసుకుంది.

"రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నాడు బాబాయి, ఆమె వైపు చూడకుండా.

"సరే బాబాయ్. పప్పు బస్తా మూతి కట్టలేదు, ఎలకలు పడతాయి."

ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. వీధిలో ఒక్కో కిటికీలో ఒక్కో చిన్న వెలుగు. తన మట్టుకు ఒక్క కొవ్వొత్తీ అట్టేపెట్టుకోని బాబాయి చీకట్లో తడుముకుంటూ తలుపులు వేస్తుంటే కాలికి ఏదో తగిలింది. వంగి చేత్తో తడిమాడు. మూత తీయని ఆమె అన్నం డబ్బా, బరువుగా, చల్లగా.