కాశీలో వదిలిన పండు

చింతాద్రిపేటలో వీరరాఘవులుకు పండ్ల అంగడి ఉంది. నలభై ఏళ్ళ వ్యాపారం. పండును ముట్టుకోకుండా, వాసన చూసి అది ఇవాళ్టికా రేపటికా అని చెప్పేస్తాడు. అట్లాంటి మనిషి నాలుకను కట్టుకున్న పెళ్ళామే మూడు నెలలు మోసం చేసిందంటే ఎవరు నమ్ముతారు? కళ్ళారా చూసేదాకా ఆయనా నమ్మలేదు.

దీనికి మూలం పన్నెండేళ్ళ కిందట ఉంది. తల్లి పోయిన ఏడాది ఆయన, భార్య గోవిందమ్మ అస్థికలు పట్టుకుని కాశీకి వెళ్ళారు. కాశీకి పోయినవాళ్ళు ఒక పండు, ఒక కూర అక్కడ వదిలేయాలి, బతికున్నంత కాలం మళ్ళీ ముట్టకూడదు. వీరరాఘవులు గంగలో నిలబడి తీరిగ్గా ఆలోచించాడు. మామిడి లేకపోతే ఆయన బతకలేడు. అరటిపండు లేనిదే పూజ జరగదు. ఇంగ్లీషులో పియర్ అనే బేరిపండంటే మాత్రం చిన్నప్పటి నుంచీ పడదు, నమిలితే పళ్ళ కింద ఇసుక పడ్డట్టు ఉంటుందని. దాన్నే వదిలి మూడు మునకలు వేశాడు. కూరల్లో కాకరకాయ. అదీ ఇష్టం లేనిదే. వ్యాపారస్తుడు గంగమ్మ దగ్గర కూడా వ్యాపారస్తుడే.

మొన్న మాఘమాసంలో షుగరు పెరిగింది, మలబద్ధకం పట్టుకుంది. డాక్టర్ జెబకుమార్ మాత్రలు రాసిచ్చి, రోజూ నడవమన్నాడు. ఆపైన నవ్వుతూ అరవంలో ఇంకో మాట చెప్పాడు. సగం మందు మీ అంగట్లోనే ఉంది, రోజుకొక బేరిపండు తొక్కతో సహా తినండి, పీచు బాగా ఉంటుంది, కడుపు కదులుతుంది, షుగరు ఒక్కసారిగా ఎక్కదు, గుండెకూ మేలు, తొక్క తీశారంటే మంచిదంతా చెత్తబుట్టలో వేసినట్టే అన్నాడు.

వీరరాఘవులు గతుక్కుమన్నాడు. ఇంటికొచ్చాక గోవిందమ్మతో తెగేసి చెప్పాడు.

"అది మా అమ్మ పేరుతో వదిలింది. నేను ముడితే ఆడ ఆమెకు సద్గతి ఉండదు. ప్రాణం పోనీ, తినను."

మర్నాటి నుంచి మధ్యాహ్నం కంచంలోకి దోసకాయ పెరుగుపచ్చడి వస్తూ వచ్చింది. పచ్చిమిరప, ఇంగువ, ఆవాల పోపు. ఆయన వేళ్ళు నాకాడు. నెల తిరిగేసరికి కడుపు తేలికపడింది, రెండో నెలకు షుగరూ దిగింది. అంగటికొచ్చిన వాళ్ళందరికీ ఒకటే డప్పు: "బేరిపండు లేకుండానే నయమాయె, చూస్తిరా!"

మే నెలలో ఒకరోజు కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయి, వాటి కోసం పన్నెండింటికే ఇంటికి వచ్చాడు. వంటింట్లో గోవిందమ్మ కోరుడుపీట ముందు కూర్చుని ఉంది. ఆమె చేతిలో బేరిపండు, తొక్కతో సహా. పక్కన పెరుగు గిన్నె.

పన్నెండేళ్ళ నియమం, గంగలో అమ్మకిచ్చిన మాట, ఇన్నాళ్ళూ దోసకాయ అనుకుంటూ రోజూ తన నోటితోనే నమిలి మింగాడు.

"ఎన్ని... ఎన్నాళ్ళుగా?"

"మాఘం నుంచి," అంది గోవిందమ్మ, తల ఎత్తకుండా. "మన అంగట్లో అడిగితే మీకు తెలిసిపోతాదని వీధిలో బండివాడి దగ్గర కొంటా ఉండా."

"పాపిష్టిదానా! మా అమ్మకు ద్రోహం చేయిస్తివే నా చేత!" ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "కాశీలో వదిలింది తినిపిస్తావా? నువ్వు వదిలింది నీకెవరన్నా పెట్టుంటే తెలిసేది!"

"మీరే పెడతా ఉండారు కదా, ఏటేటా," అంది ఆమె మెల్లగా. "నేను మామిడిపండు వదిలేస్తిని."

మామిడా! గోవిందమ్మ మామిడిని వదలడమా! పెళ్ళయిన కొత్తలో టెంక కూడా వదలకుండా చీకేది. ఏటా వీరరాఘవులు మామిడి తొలి గంప ఇంటికి పంపేవాడు. ఆమె కోసి ఆయన కంచంలో పెట్టేది. గంగలో ఆమె ఏం వదిలిందో, ఇంట్లో మిగిలిన పండ్లు ఏమయ్యేవో పన్నెండేళ్ళలో ఒక్కసారైనా అడగలేదు. ఊళ్ళో పండ్లన్నీ వాసన పట్టేవాడు, ఇంట్లో మనిషి తినడంలేదని పట్టలేకపోయాడు. సిగ్గుతో ఆయన ఒళ్ళు చచ్చిపోయింది.

"ఎందుకే? నీకు ప్రాణం కదా అదంటే."

"అందుకే వదిలితిని. కడుపుతో ఉన్నప్పుడు అత్త తాను తినకుండా నాకు కోసి పెట్టేది. ఆమె కోసమని పోయి, ఇష్టం లేనిది వదిలి వస్తే ఏం బాగుంటాది?" అప్పుడు తల ఎత్తింది. "మీరు బాగుండాలనే చేస్తిని. పాపం అంటారా, అది నాకే రానీండి."

ఆయన పీట వాల్చుకుని కూర్చున్నాడు. గోవిందమ్మ పచ్చడి కలిపేదాకా ఆగి, కంచం ముందుకు జరిపాడు. చివరి ముద్ద దాకా తిన్నాడు.

సాయంత్రం అంగట్లో ఒకామె బంగినపల్లి చూసి, తియ్యగా ఉంటుందా అని అడిగింది. అలవాటు ప్రకారం పండు కోశాడు. తాను రుచి చూసి మాట ఇవ్వడం నలభై ఏళ్ళ పద్ధతి. ముక్క పెదాల దాకా వచ్చింది, వాసన గుప్పుమంది. అక్కడే ఆగి, దాన్ని ఆమె చేతికిచ్చాడు.

"మీరే తిని చూడండమ్మా. నేను మామిడిపండు వదిలేస్తిని."

"ఎప్పుడు?"

"ఇవాళే," అన్నాడు వీరరాఘవులు. "మా అమ్మ కోసరం."