పైరగాలి వైద్యం

మా ఊళ్ళో వేసవిలో ఒళ్ళు బాగోకపోయినా, మనసు బాగోకపోయినా ఒకటే మందు చెబుతారు: పైరగాలి. సాయంత్రం నాలుగు దాటాక సముద్రం మీంచి దక్షిణపు గాలి తిరుగుతుంది. ఇక రామచంద్రపురం చుట్టుపక్కల ఎవరూ ఇంట్లో ఉండరు, మంచాలన్నీ వాకిట్లోకి వచ్చేస్తాయి. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత మావాళ్ళు ఎప్పుడూ విన్నట్టు లేదు.

మా ఆయన సత్యనారాయణకి తొంభై ఏడులో ఆయాసం మొదలైంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ వైద్యుడు పల్లంరాజుగారు సూది వేసి, "ఇంట్లో ఉక్కకి మగ్గబెట్టకండమ్మా, సాయంత్రంపూట పైరగాలికి కూర్చోబెట్టండి" అన్నారు. ఆ మాటే నాకు వేదమైంది. రోజూ వాకిట్లో మంచం వాల్చి, ఆయన్ని గాలికి ఎదురుగా కూర్చోబెట్టేదాన్ని. పక్కమీద పడ్డ నల్లటి నుసి దులిపేదాన్ని. మా ఇంటికి దక్షిణాన ఉప్పుడు బియ్యం మిల్లుంది. బాయిలర్లో ఊక కాలుస్తారు, నుసి రాలడం మాకు కొత్త కాదు. ఆయాసం పెరిగినకొద్దీ ఇంకో గంట ఎక్కువ కూర్చోబెట్టాను. మరుసటి వేసవి దాటకుండానే ఆయన పోయారు. పిల్లల్లేని ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను.

ఈ ఏడు నాకూ దగ్గు పట్టుకుంటే రాజమండ్రి వెళ్ళి ఊపిరితిత్తుల డాక్టరు ఉదయ్‌భాస్కర్‌కి చూపించుకున్నాను.

"మీ ఇంటి దగ్గర ఫ్యాక్టరీలేమైనా ఉన్నాయామ్మా?"

"రైస్ మిల్లుందండి, దక్షిణం వైపు."

"సాయంత్రం గాలి ఎటునుంచి వస్తుంది?"

"అటునుంచేనండి. పైరగాలి కదా."

ఆ మాట నోట్లోంచి వచ్చాకగానీ నాకు తెలిసిరాలేదు. డాక్టరు రాయడం ఆపారు. "సాయంత్రాలు తలుపులేసుకుని లోపలే ఉండండమ్మా."

మా ఆయన ఆయాసం సంగతి, వాకిట్లో మంచం సంగతి చెప్పి, "ఆయన్ని లోపలే ఉంచుంటే బతికేవారా బాబూ?" అనడిగాను.

"అలా చెప్పలేనమ్మా. ఇంకొన్నాళ్ళు ఉండేవారేమో."

ఇంటికొచ్చి తలుపులన్నీ బిగించుకున్నాను. పక్కింటి రత్నమాణిక్యం "గాలి తిరిగింది పిన్నీ, రావేంటి?" అని పిలుస్తూనే ఉంది. నడుం నొప్పని బొంకాను. లోపల ఒకటే ఉక్క, మాట్లాడే మనిషి లేడు. ఏడుద్దామన్నా దగ్గొస్తోంది.

ఆ డాక్టరుకి ఒక సంగతి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేను. చివరి వారమంతా ఆయన నా కొంగు పట్టుకుని, "లోపలికి తీసుకెళ్ళవే దుర్గా" అని బతిమాలారు. "చంటిపిల్లాడిలా ఆ మారాం ఏంటండి, కూర్చోండి" అని కసిరి, మంచం ఇంకాస్త గాలివైపు జరిపాను.