అజమత్ ఎడమచెయ్యి

తాండూరు జీపుల అడ్డా మీద అజమత్ ఎవరని అడిగితే, ఏ అజమత్ అని ఎదురు అడుగుతారు. మైలేజ్ అజమత్ అంటే మాత్రం వెంటనే వేలు పెట్టి చూపిస్తారు. లీటరు డీజిలుకు మిగతావాళ్ల బండ్లు పన్నెండు కిలోమీటర్లు పోతే అతని బండి పదిహేను పోయేది. అందులో మంత్రమేమీ లేదు. దిగుడు కనబడితే చాలు, అతని ఎడమచెయ్యి తనంతట తానే గేరు రాడ్డు మీదికి పోయి బండిని న్యూట్రల్‌లో పడేసేది. అనంతగిరి ఘాటు దిగుతుంటే న్యూట్రల్, ఊరి ముందు స్పీడు బ్రేకరు వస్తే న్యూట్రల్, మేకల మంద అడ్డం వచ్చినా న్యూట్రల్. ఘాటు మీద న్యూట్రల్‌లో దిగరాదని బోర్డు పెట్టారు. అతను సరిగ్గా ఆ బోర్డు దగ్గరే వేసేవాడు. ఉత్తగ వచ్చే రోడ్డుకు డీజిల్ ఎందుకు తాపాలె అనేవాడు. అడ్డా మీద సగంమంది డ్రైవర్లకు ఈ విద్య నేర్పింది అతనే.

అలాంటి మనిషి జీపు నెలాఖరుతో ఆగిపోతుందని తేలింది. పంతొమ్మిదేళ్ల బండి, ఇక ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు ఇచ్చేది లేదని ఆర్టీవో ఆఫీసులో చెప్పేశారు. జీపు పోవడం ఒక ఎత్తు, జీపులో కూర్చునేవాళ్లు పోవడం ఇంకో ఎత్తు. తాండూరు నుంచి వికారాబాద్ ఆఫీసులకు రోజూ పోయివచ్చే నలుగురు ఆడవాళ్లు పదకొండేళ్లుగా అతని బండి తప్ప ఇంకో బండి ఎక్కలేదు. వాళ్లలో పెద్దావిడ పద్మమ్మ ముందు సీటులో, టిఫిన్ సంచి ఒళ్లో పెట్టుకొని కూర్చుంటుంది. చిన్నది నీలిమ వెనక కిటికీ పక్కన కూర్చుని, బండి కదలగానే నిద్రపోతుంది. పొద్దున వాళ్లను దింపి, మధ్యాహ్నం వేరే సవారీలతో తాండూరు వచ్చిపోయి, సాయంత్రం వాళ్లను ఇంటికి చేర్చడం అజమత్ పని. నాలుగు ట్రిప్పులూ కలిపి నూట అరవై కిలోమీటర్లు.

కూతురు ఆఫియా దీనికి ఒక దారి చూపింది. అసలు చిక్కంతా ఆ దారితోనే వచ్చింది. ఆమె బండల పాలిష్ ఫ్యాక్టరీలో గుమాస్తా పని మానేసి, మూడు నెలల కింద ఒక పాత కరెంటు కారు తెచ్చుకుని టౌనులో సవారీలు తిప్పుతోంది. రోజూ ఎక్కేవాళ్లు దొరక్కపోతే ఈ నెల తిరిగేసరికి కారును తెచ్చినచోటే వాపస్ ఇచ్చి, వదులుకున్న కుర్చీ కోసం మళ్లీ ఫ్యాక్టరీ గడప తొక్కాలి. నాన్న నలుగురు సవారీలూ తన కారు ఎక్కితే ఇద్దరి కష్టమూ తీరుతుందని ఆమె ధీమా. నడిపేది కూడా నాన్నే. వాళ్లకు నమ్మకం అతని మీద కదా.

అజమత్ ఆ కారును కారు అనేవాడే కాదు. వైరు పెడితే తిరిగేది మిక్సీ అవుతుంది గానీ బండి ఎట్లవుతుంది అనేవాడు. టౌను సందుల్లో తిరగడం వేరు, అనంతగిరి ఎక్కి దిగడం వేరు. అడ్డా మీద తోటి డ్రైవరు బిచ్చయ్య, ఇంకో పదేండ్లకు డీజిలు బండ్లు ఉండవని పేపర్లో చదివి చెప్తే, పేపరుకు చక్రాలు లేవు కాబట్టి అట్లనే రాస్తది అని కొట్టిపారేశాడు. అయినా బిడ్డ మొహం చూసి, ఒక షర్తు పెట్టాడు.

"నా జీపు పొద్దుగాల ఒక్కసారి తాగితే రాత్రి దాక మళ్ల నోరు తెరువది. నీ మిక్సీ గూడ గట్లనే చెయ్యాలె. నడుమ వైరు పెట్టుడు లేదు, ఏసీ బంజేసుడు లేదు. నాలుగు ట్రిప్పులు కొడితే నోరు మూసుకొని నీ బండే నడుపుత."

ఆఫియా ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నిండా చార్జి చేస్తే తన కారు నూట డెబ్బై పైనే పోతుందని ఆమెకు తెలుసు. బుధవారం సాయంత్రం తండ్రిని పక్కన కూర్చోబెట్టుకొని అంతా చూపించింది. ముందుకు పోవడానికి డి, వెనక్కి ఆర్, నడుమ ఉన్నది న్యూట్రల్. "డిల పెట్టు అబ్బా, ఇగ దాన్ని మర్చిపో. న్యూట్రల్ జోలికి పోకు" అన్నది. అజమత్ సగం చెవితో విన్నాడు. ముప్ఫై ఏళ్లు బండి నడిపినవాడికి మూడు గేర్లు నేర్పడమేమిటని అతనికి లోలోపల నవ్వొచ్చింది. వంటింట్లోంచి ఆఫియా తల్లి వజీరాబీ, ఎవరు గెలిచినా రొట్టెలు చేసేది నేనే కాబట్టి ఇద్దరూ వేళకు రండి అన్నది.

గురువారం పొద్దున కారు చప్పుడు లేకుండా కదిలితే పద్మమ్మ, ఇంకా స్టార్టు చెయ్యవా అజమత్ భాయ్ అని అడిగింది. అప్పటికే ఊరు సగం దాటారు. నీలిమ చల్లగా ఉందని సంబరపడి వెంటనే కళ్లు మూసుకుంది. అజమత్‌కు మాత్రం ఒక సంగతి నచ్చలేదు. యాక్సిలరేటరు మీద కాలు తీయగానే బండి ముందుకు జారకుండా, వెనక నుంచి ఎవరో కొంగు పట్టుకున్నట్టు ఆగుతోంది. బ్రేకు పట్టేసినట్టుంది, పాత బండి కదా అనుకున్నాడు. ఎడమచెయ్యి తన పని తాను చేసింది. న్యూట్రల్‌లో వేయగానే కారు హాయిగా జారింది. గట్ల రా దారికి అనుకున్నాడు. ఇక ఆ రోజంతా అదే వరస. రోడ్డు మీద ఎన్ని పల్లాలున్నాయో, ఎన్ని స్పీడు బ్రేకర్లున్నాయో అతనికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. ఒక్కదాన్నీ వదల్లేదు.

మూడో ట్రిప్పు అయ్యేసరికి చార్జి ఇరవై మూడు శాతం చూపించింది. ఆఫియా ఫోన్ చేసి అడిగితే ఆ అంకె చెప్పాడు. ఆమె ముప్ఫైకి తగ్గకుండా ఉండాలే అని గొణిగి, వికారాబాద్‌లోనే ఎక్కడన్నా అరగంట వైరు పెట్టమన్నది. షర్తు అంటే షర్తే అని అజమత్ ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం నలుగురినీ ఎక్కించుకొని ఘాటు ఎక్కి దిగాడు. ధారూరు దాటేసరికి పద్నాలుగు. అంకె తగ్గేకొద్దీ అతను ఇంకా పొదుపుకు దిగాడు, అంటే ఇంకా ఎక్కువ సార్లు న్యూట్రల్ వేశాడు. తాండూరు మూడు కిలోమీటర్లుందనగా, రెండు పక్కలా బండల పాలిష్ షెడ్ల దగ్గర, కారు నీరసించి నడిచి నడిచి ఆగిపోయింది.

నిజం చెప్పాలంటే, అజమత్‌కు ముందు కలిగింది సంతోషమే. గెలిచాను అనుకున్నాడు. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. పద్మమ్మ టిఫిన్ సంచి చంకలో పెట్టుకొని రోడ్డు పక్క తెల్లటి బండల దుమ్ములోకి దిగింది. లోడు లారీలు ఆమె చీర కొంగును ఎగరేసుకుంటూ పోయాయి. పదకొండేళ్లలో ఆమెను ఇంటి ముందు తప్ప ఎక్కడా దింపలేదు. అతనికి సిగ్గేసింది.

ఆఫియా అతని జీపే వేసుకొని వచ్చింది. నలుగురినీ ఇళ్ల దగ్గర దింపి మళ్లీ వచ్చి, తెలిసినవాళ్ల షెడ్డులోంచి వైరు లాగి కారుకు పెట్టింది. కారులోని తెరమీద ఏదో నొక్కి చూసి తండ్రి వైపు తిరిగింది.

"ఘాటు ఎట్ల దిగినవు అబ్బా?"

"ఎట్ల దిగుత? న్యూట్రల్ల. నీ బండిని కాపాడుకుంట తెచ్చిన."

ఆఫియాకు కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే అతనికి తేలికయ్యేది. ఆమె నెమ్మదిగా చెప్పింది. కాలు తీసినప్పుడు వెనక్కి పట్టినట్టు అనిపించేది బ్రేకు జామ్ కాదు. దిగేటప్పుడు చక్రాలు మోటారును తిప్పితే అది బ్యాటరీని నింపుతుంది, ఆ పట్టు దానిది. డిలో ఉంటేనే అది జరుగుతుంది. న్యూట్రల్‌లో వేస్తే దారి ఇచ్చేదంతా మట్టిపాలు. పొద్దుటి నుంచి అట్లా వెనక్కి వచ్చిన చార్జి ఎంతో తెరమీద ఉంది, సున్నా. అజమత్ ఒప్పుకోలేదు. దిగితే నిండే బండి ఏ లోకంలో ఉంది అన్నాడు. ఓడిన బిడ్డ చెప్పే సాకు అనుకున్నాడు.

శుక్రవారం నలుగురూ రైలెక్కారు. ఇక రైల్లోనే పోతామని పద్మమ్మ మర్యాదగా ఫోన్ చేసి చెప్పింది. అడ్డా మీద బిచ్చయ్య చాయ్ తాగించి, మైలేజ్ అజమత్ ముందర మిక్సీ ఓడిపోయిందని పదిమందికీ చెప్పాడు. ఆ చాయ్ అజమత్‌కు రుచించలేదు. రాత్రి అన్నాల దగ్గర ఆఫియా, సోమవారం సాయంత్రం కారు వాపస్ ఇచ్చేస్తానని తల్లికి చెప్పింది. తండ్రిని ఒక్క మాట అనలేదు. వజీరాబీ మాత్రం అతని పళ్లెంలో రొట్టె గట్టిగానే వేసింది.

శనివారమంతా ఆ సున్నా అతని కళ్లముందు నుంచి పోలేదు. ఆదివారం తెల్లారగానే బిడ్డను లేపాడు. "పద. ఘాటు మీద నాకు చూపియ్యి."

అనంతగిరి పైన కారు ఆపినప్పుడు చార్జి అరవై ఒకటి. ముందు అతను తన పద్ధతిలో న్యూట్రల్‌లో దిగాడు. కిందికి వచ్చినా అరవై ఒకటే. మళ్లీ పైకి పోయారు, అంకె యాభై ఎనిమిదికి పడింది. ఈసారి డిలో ఉంచి, ఎడమచెయ్యి తొడ కింద పెట్టుకొని దిగాడు. మలుపు మలుపుకూ కారు వెనక్కి పట్టింది. ప్రతిసారీ ఆ చెయ్యి తొడ కింద గింజుకుంది. కిందికి వచ్చేసరికి అరవై. నమ్మకం కుదరక ఇంకోసారి పోయాడు. అప్పుడూ రెండు పెరిగింది. ముప్ఫై ఏళ్లు ఈ దిగుడు మీద రెండు చుక్కల డీజిలు మిగిల్చానని మురిసిపోయాడు. అదే దిగుడు ఈ బండికి ఎదురు ఇస్తోంది. అజమత్ స్టీరింగు మీద గడ్డం ఆనించి చాలాసేపు కూర్చున్నాడు. మైలేజ్ అన్న పేరు మీద బతికినవాడికి అది మింగుడుపడే సంగతి కాదు.

సోమవారం పొద్దున తాండూరు స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నలుగురూ రైలు కోసం నిలబడ్డారు. చుట్టూ ఊరి జనం, అడ్డా మీద తెలిసిన మొహాలు కూడా ఉన్నాయి. అసలు సంగతి చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కారు పోతుంది, అజమత్ పేరు ఉంటుంది. అతను నేరుగా పద్మమ్మ ముందుకు పోయి నిలబడ్డాడు.

"మేడం, ఆనాడు బండి ఆగలే. నేనే ఆపిన. న్యూట్రల్ల వెయ్యొద్దని నా బిడ్డ చెప్పింది, నేను వినలే. నడుమ చార్జి పెట్టమన్నది, అది గూడ వినలే. తప్పు నాది, కారుది కాదు. బయట పెట్టుకొని ఉన్న. ఎక్కుతరో లేదో మీ ఇష్టం."

రైలు వస్తున్న చప్పుడు వినబడింది. నీలిమ పద్మమ్మ మొహం చూసింది.

"పదకొండేండ్ల నుంచి జీపును చూసి కూసున్నమా అజమత్ భాయ్?" అన్నది పద్మమ్మ. "నిన్ను చూసి కూసున్నం. ఆ మాటేదో మొన్ననే చెప్తే నాకు మూడురోజులు గీ మెట్లు ఎక్కుడు తప్పేది."

మిగతా ఇద్దరూ టికెట్టు కొన్నామని ఆ పూట రైలే ఎక్కారు. పద్మమ్మ, నీలిమ కారెక్కారు. సాయంత్రానికి రైలెక్కిన ఇద్దరూ వచ్చి చేరారు.

సాయంత్రం ఘాటు పైకి రాగానే అందరూ తెరమీది అంకె వైపు ముందుకు వంగారు. నీలిమ కూడా నిద్రపోలేదు. మొదటి మలుపు దగ్గర అజమత్ ఎడమచెయ్యి అడగకుండానే లేచింది.

"చాచా, చెయ్యి" అన్నది నీలిమ వెనక నుంచి.

అతను నవ్వేశాడు. పద్మమ్మ ఒళ్లోని టిఫిన్ సంచి తీసి ఆ గేరు మీద పెట్టింది. ఇక తియ్యాలంటే నన్ను అడిగి తియ్యి అన్నది. కారు మలుపు మలుపుకూ వెనక్కి పడుతూ, నింపుకుంటూ దిగింది. అంకె రెండు పెరిగిందని నీలిమ పైకి చదివింది.

తాండూరు అడ్డాకు చేరేసరికి చార్జి ఇంకా తొమ్మిది మిగిలి ఉంది. నాలుగు ట్రిప్పులు, ఏసీ తోటి, నడుమ వైరు లేకుండా. ఆఫియా అక్కడే ఎదురుచూస్తోంది. ఆ పూటే కారు వాపస్ ఇవ్వాల్సి ఉంది. ఆమె అడగలేదు, అతను అంకె చెప్పాడు. బిచ్చయ్య, మిగతా డ్రైవర్లు కారు చుట్టూ మూగి తలలు లోపలికి పెట్టి చూశారు. అడ్డాలో ముందు జాగా ఎప్పుడూ అజమత్ జీపుదే. అక్కడ ఇంకొకరు బండి పెడితే గొడవ అయ్యేది. అజమత్ పోయి జీపు స్టార్టు చేశాడు. నల్లటి పొగ వదులుతూ దాన్ని వెనక్కి తీసి, చివర గోడ పక్కన ఆపి, తాళం జేబులో వేసుకొని వచ్చాడు.

"బిడ్డా, నీ బండి గా జాగల పెట్టు" అన్నాడు.

పంతొమ్మిదేళ్లుగా జీపు కార్చిన నూనెకు అక్కడ నేల నల్లగా గట్టిపడి ఉంది. ఆఫియా కారును నెమ్మదిగా తిప్పి ఆ నలుపు మీద నిలబెట్టింది. మర్నాడు పొద్దున్నే నలుగురు సవారీలూ నేరుగా అక్కడికే వచ్చారు.