ఆమె ఇంకా బస్సెక్కలేదు

నవలలో మనిషి బస్టాపుకి వచ్చినప్పుడు బయట చలికాలం. ఇప్పుడు ఎండలు ముదిరాయి. అయినా అదే సంచీ పట్టుకుని, అదే స్తంభానికి ఆనుకుని, వచ్చే పోయే బస్సుల్ని చూస్తూ నిలబడే ఉంది. ఇంటికి తాళం వేసింది. తాళంచెవి పక్కింటివాళ్ళ చేతిలో పెట్టింది. ఇక ఈ గడప తొక్కనని మనసులో అనుకుంది. అంతవరకూ సాఫీగానే జరిగింది. బస్సెక్కడం దగ్గరే వచ్చింది తంటా అంతా.

ఆ మనిషిని అక్కడ నిలబెట్టిన రచయిత్రి ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో కంటి పరీక్షలు చేస్తుంది. దుకాణంలో అందరూ మేడమ్ అంటారు. ఇంట్లో అత్తగారు అమ్మాయ్ అంటుంది, మొగుడు ఏమోయ్ అంటాడు. ‘ఆమె’ అంటే ఏ ఆమె అని మీరు తడుముకోకుండా మనం కోడలు అని పిలుచుకుందాం. ఎందుకంటే ఆ తడుములాటే అసలు కథ.

ఒక వారపత్రిక కోడలి నవలను సీరియల్‌గా వేస్తానంది. మొదటి మూడు అధ్యాయాలు చదివి సంపాదకుడు సరేనన్నాడు. పుట్టింట్లో పుస్తకమంటే కోడలి పాఠ్యపుస్తకాలు తప్ప ఇంకోటి గడప దాటి రాలేదు. అలాంటి ఇంటి పిల్ల పేరు పత్రికలో పడుతుందంటే మాటలు కాదు. కానీ నాలుగో అధ్యాయం కదలదే! శుక్రవారం సంపాదకుడు ఫోన్ చేశాడు.

“అమ్మా, సోమవారానికి నాలుగోది నా చేతిలో ఉండాలి. లేదంటే ఆ పేజీలు ఇంకొకరికి ఇచ్చేస్తాను. తర్వాత నన్ను తిట్టుకుని లాభం లేదు.”

“ఇచ్చేస్తానండీ. బస్సెక్కడం ఒక్కటే మిగిలింది.”

“ఇంకో మాట. మీ కథానాయిక మొదటి అధ్యాయంలో ‘ఆమె’. రెండులో ‘ఆవిడ’. మూడులో ‘తను’. మధ్యలో ఒకచోట ఏకంగా ‘అది’. ఇంతకీ ఎంతమందమ్మా వీళ్ళు?”

“ఒక్కతేనండీ.”

“ఆ ఒక్కతినీ ఏదో ఒకటి అనండి మరి,” అని పెట్టేశాడు.

అక్కడే కోడలికి చిక్కు. ఇంట్లో పని ఒత్తిడి లేని రోజున ఆ మనిషి మీద గౌరవం పుట్టుకొచ్చి ‘ఆవిడ’ అని రాస్తుంది. బట్టలు, గిన్నెలు, దుకాణం అన్నీ ఒకేసారి మీద పడ్డ రోజున, నేనిక్కడ చస్తుంటే నీకేం హాయిగా సంచీ పట్టుకుని నిలబడ్డావని ఒళ్ళు మండి ‘అది’ అయిపోతుంది. దిగులేసిన రోజున ‘తను’. మర్నాడు చదువుకుంటే ఏదీ కుదిరినట్టుండదు. మొదటి నుంచీ అన్నీ మార్చుకుంటూ వస్తుంది. బస్టాపు దగ్గరికి వచ్చేసరికి దుకాణానికి టైమవుతుంది. రోజూ రాస్తున్నట్టే ఉంటుంది, ముందుకు మాత్రం ఒక్క అడుగు పడదు.

దుకాణంలోనూ అదే గోల. ఆ సాయంత్రం ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన ముక్కు మీద బరువైన పరీక్ష ఫ్రేము పెట్టి, అందులో ఒక అద్దం తీసి ఇంకోటి వేస్తూ అడిగింది.

“అక్షరాలు ఇప్పుడు బాగున్నాయా... ఇప్పుడా?”

“మళ్ళీ వెయ్యమ్మా.”

“ఇదా... ఇదా?”

“రెండూ ఒకలాగే ఉన్నాయి. నువ్వే చెప్పు, ఏది బాగుందో.”

“కళ్ళు మీవండీ, నేనెలా చెప్తాను?”

“చదువుకున్నదానివి, ఆమాత్రం చెప్పలేవా?” అన్నాడాయన నిష్ఠూరంగా.

కోడలు రాసే పద్ధతి కూడా చెప్పాలి. కుదురుగా కూర్చుని రాసే తీరిక ఎక్కడిది? ఫోన్‌లో మాట్లాడితే దానంతటదే టైపు చేసే సదుపాయం ఉంది కదా, దాన్ని పట్టుకుంది. పొద్దున్నే వెనక బాల్కనీలో బట్టలారేస్తూ, ఫోను కిటికీ గట్టు మీద పెట్టి, నవల చెప్పుకుంటూ పోతుంది. కిటికీ అవతల వంటగది. అక్కడ స్టూలు మీద కూర్చుని అత్తగారు కూరలు తరుగుతూ ఉంటుంది. ఫోనుకి నవలేదో ఇల్లేదో తెలీదు. విన్నదల్లా రాసేస్తుంది. ఒకరోజు చూసుకుంటే ఇలా ఉంది: ‘బస్సు వచ్చి ఆగింది ఆమె మెట్టు మీద కాలు పెట్టింది అమ్మాయ్ ట్యాంకు పొంగుతోంది మోటారు కట్టెయ్ వస్తున్నా అత్తయ్యా’.

పరుగెత్తుకుంటూ మేడ మీదికి పోయి చూస్తే ట్యాంకు సగం కూడా నిండలేదు. పాపం పెద్దావిడ, ఏదో చప్పుడు విని పొరబడి ఉంటుందనుకుంది. ఇంకోరోజు పాలు పొంగుతున్నాయంది, వచ్చి చూస్తే స్టౌ వెలిగించనే లేదు. మరో రోజు ఎవరో బెల్లు కొట్టారంది, తలుపు తీస్తే మనిషి జాడే లేదు. మెట్లెక్కి, దిగి, మళ్ళీ ఫోను దగ్గరికి వచ్చేసరికి బస్సు వెళ్ళిపోయేది.

మొగుడిది లిఫ్టులు బాగుచేసే పని. ఏ భవనంలో ఏది ఆగిపోయినా అన్నం మధ్యలో లేచి పోవాలి. ఆయనకిదంతా పెద్ద వేడుక.

“ఏమోయ్, ఎక్కిందా మీ ఆవిడ?”

“మా ఆవిడేమిటండీ, నేను మీ ఆవిణ్ణి.”

“నువ్వు మా ఆవిడవి, అది మీ ఆవిడ. మా లిఫ్టయినా ఇంతసేపు ఆగదు తల్లీ. ఎవరో ఒకరు నాకు ఫోన్ చేస్తారు.”

“నవ్వండి. సోమవారం దాటితే ఆ నవ్వు కూడా ఉండదు.”

“ఎక్కితే ఎక్కిందిలే గానీ, ఎక్కి ఎక్కడికి పోతుందట?” అంది అత్తగారు, తరుగుతున్న కత్తి ఆపకుండానే.

ఎక్కడికో చెప్పడానికి కోడలికే తెలిస్తే కదా.

శనివారం దుకాణం నుంచి త్వరగా వచ్చింది. తలుపు వారగా వేసి ఉంది. లోపల అత్తగారు ఫోన్‌లో కూతురితో మాట్లాడుతోంది. గొంతు తగ్గించానని ఆవిడ అనుకుంటుంది గానీ, మూడో ఇంటికి వినిపిస్తుంది.

“అది ఇవాళ కూడా ఎక్కబోయిందే. కాలు మెట్టు మీద పెట్టేసింది కూడా. నేనే ట్యాంకని కేకేశా... ఏం చెయ్యమంటావ్, ఎన్నాళ్ళని ట్యాంకు పొంగిస్తాను?”

కోడలు చెప్పు విప్పుతూ ఆగిపోయింది. నవ్వొచ్చింది. అత్తయ్య నవల వింటున్నారన్నమాట! వినడమే కాదు, కూతురికి చెప్తున్నారు కూడా. లోపలికి అడుగు వెయ్యబోయింది.

“వాడికి నవ్వులాటగా ఉంది. అది పోయాక తెలుస్తుంది. దాని జీతం దానికుంది, ఎక్కడికి పోయినా బతకగలదు. నేను అడ్డం పడితే మాత్రం ఎంతకాలం ఆగుతుంది?”

నవలలో మనిషికి జీతం లేదు.

కోడలు అలాగే గుమ్మంలో నిలబడింది. అది అంటే ఎవరు? మొదటి ‘అది’ బస్టాపులో ఉన్న మనిషి. రెండో ‘అది’ తనేనా? లేక మొదటిదీ తనేనా? అత్తగారు ఆ రెంటికీ తేడా లేకుండా ఒకే ఊపులో అనేసింది. సంపాదకుడు అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. ఎంతమందమ్మా వీళ్ళు? ఏమో, ఇప్పుడు లెక్క ఇంకా చెడింది.

ఆదివారం మొగుడికి ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని కబురొచ్చి, తిన్న చెయ్యి కడుక్కుంటూనే బయల్దేరాడు. కోడలు తడిబట్టల బకెట్టు బాల్కనీలో దింపింది గానీ ఫోను గట్టు మీద పెట్టలేదు. వంటగదిలోకి వచ్చి అత్తగారి ఎదురుగా నేల మీద కూర్చుంది. ఆవిడ బఠాణీలు ఒలుస్తోంది. కోడలు కూడా ఒక గుప్పెడు కాయలు ఒళ్ళో వేసుకుంది.

“అత్తయ్యా, అది కథ.”

“నాకు తెలీదేమిటి కథని?”

“మరి ట్యాంకు పొంగలేదుగా.”

అత్తగారి చేతిలో కాయ ఆగింది. “విన్నావన్నమాట,” అంది.

“విన్నాను.”

“ఊరికే ఒక మాట పదిసార్లు అనం కదే, మనసులో లేకపోతే. పొద్దున్న లేస్తే తాళం వేసింది, సంచీ సర్దింది, తిరిగి రానంది. ఆ తాళం వేసే చప్పుడు కూడా చెప్తావు నువ్వు! మన తలుపు అలాగే చప్పుడవుతుంది.”

“ఏ తాళమైనా అలాగే చప్పుడవుతుంది అత్తయ్యా.”

“సరే. సూటిగా అడుగుతా. నువ్వు పోతావా?”

“లేదు,” అంది కోడలు.

అంది గానీ, ఆ మాట రావలసినదాని కంటే రవ్వంత ఆలస్యంగా వచ్చింది. ఇద్దరికీ వినిపించింది ఆ ఆలస్యం. ఎందుకొచ్చిందో కోడలికి తెలీదు. పోవాలని ఏనాడూ అనుకోలేదు. మొగుడు మంచివాడు, ఈవిడ నోరే గానీ మనసు చెడ్డది కాదు. మరి బస్టాపులో ఆ మనిషిని నిలబెట్టింది ఎవరు? ఇన్నాళ్ళూ ఎక్కించనిది ఈవిడ కేకలేనా, లేక ఎక్కిస్తే ఏమవుతుందోనని తనకే భయమా? వేలి గోటితో కాయ చీలుస్తూ ఆలోచించింది, ఒక్కటీ తెమల్లేదు.

“రేపటికి ఇవ్వకపోతే తీసేస్తారు అత్తయ్యా. ఆమెను ఎక్కించాలి. ఎక్కిస్తే మీరు బెంగపడతారు. నేనేం చెయ్యాలో మీరే చెప్పండి.”

అత్తగారు ఇంకో నాలుగు కాయలు ఒలిచి గింజలు గిన్నెలో వేసింది.

“ఒక్కతీ పోవడం ఏమిటని నా బాధ. ఆ బస్సులో ఇంకెవరూ ఉండరా? బస్సన్నాక జనం ఉంటారు కదే.”

“ఉంటారు.”

“పక్క సీట్లో ఎవరో ఒక పెద్దదాన్ని కూర్చోబెట్టు. కిటికీ వైపు. నాకు... దానికి గాలి తగలకపోతే తిప్పుతుంది.”

కోడలు ఆవిడ మొహంలోకి చూసింది. అత్తగారు మాత్రం గిన్నెలోకే చూస్తూ, “ఫోను తీసుకురా మరి, పొద్దుపోతోంది,” అంది.

ఫోను ఇద్దరి మధ్యా నేల మీద పెట్టుకున్నారు. కోడలు చెప్పడం మొదలుపెట్టింది. బస్సు వచ్చి ఆగింది. ఆమె మెట్టు మీద కాలు పెట్టింది. కోడలు అలవాటుగా ఒక్క క్షణం ఆగింది, కేక కోసం. రాలేదు. లోపల ఒక పెద్దావిడ కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఆవిడ సంచీ ఒళ్ళోకి తీసుకుని ఆమెకు చోటిచ్చింది. ఇద్దరున్నాక ‘ఆమె’ ఎవరో, ‘ఆవిడ’ ఎవరో ఎవరి చోట్లో వాళ్ళు సర్దుకున్నారు. ఇన్నాళ్ళూ ఒక్కతి మీదే ఇన్ని మాటలూ కప్పి, ఏదీ సరిపోలేదని కోడలు ఏడ్చింది. ఆ చిక్కు తీరింది, మంచిదే. కానీ ఈ పెద్దావిడ ఎక్కడినుంచి వస్తోందో, ఎందుకు పోతోందో కోడలికి తెలీదు.

“ఎక్కడికమ్మా అని అడుగుతుంది నిన్ను,” అంది అత్తగారు.

“నన్ను కాదు అత్తయ్యా, ఆమెను. ఆవిడ ఆమెను అడుగుతుంది.”

“అదే. అడిగితే ఏమంటుంది?”

“మీరెక్కడికండీ అని ఎదురు అడుగుతుంది.”

“తెలివైందే,” అని నవ్వింది అత్తగారు. బస్సు కదిలింది.

గోడ మీదుగా నీళ్ళు జారుతున్న చప్పుడు అప్పటికే వినిపిస్తోంది. ట్యాంకు నిజంగానే పొంగుతోంది. ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు. మొగుడు వచ్చి, భుజం తడుపుకుని, గట్టిగా అరిచేదాకా లేవలేదు.

“ఏమైంది మీకు! మెట్లన్నీ నీళ్ళు! అమ్మా, రోజూ ఉత్తినే కేకలేస్తావే, ఇవాళేమైంది?” మోటారు కట్టేసి వచ్చి, ఇద్దరి మధ్యా ఉన్న ఫోను చూసి మెత్తబడ్డాడు. “ఏంటీ, ఎక్కిందా?”

కోడలు నోరు తెరిచేలోపే అత్తగారు గింజల గిన్నె పట్టుకుని లేస్తూ, “ఎక్కాం,” అంది.

ఆ సాయంత్రం కోడలు అధ్యాయం సరిచూసుకుంది. మొగుడి అరుపులు తీసేసింది, మెట్ల మీద నీళ్ళు తీసేసింది. తీసేశాననుకుంది. పంపించేసింది.

సోమవారం మధ్యాహ్నం దుకాణంలో ఒకావిడ ముక్కు మీద పరీక్ష ఫ్రేము పెట్టి ఉండగా సంపాదకుడు ఫోన్ చేశాడు.

“అధ్యాయం అందిందమ్మా. ఈ వారం నుంచే మొదలుపెడుతున్నాం. మొత్తానికి ఎక్కించారు. కానీ చివర్లో ఒక్క మాట విడిగా ఉంది, ‘ఎక్కాం’ అని. ఇది ఎవరంటున్నారు? ‘మేం ఎక్కాం’ అనా, ‘మనం ఎక్కాం’ అనా? మేం అయితే ఎవరో ఇద్దరు. మనం అయితే విన్నవాళ్ళు కూడా ఎక్కినట్టే. తప్పు పడిందేమో, తీసెయ్యనా?”

నిన్న అత్తయ్య అన్న మాట ఫోనులో పడిపోయినట్టుంది. చూసి వదిలేసిందో, చూడనే లేదో కోడలికి గుర్తు రాలేదు. అత్తయ్య ఎవరిని కలుపుకుని అందో అప్పుడే అడగాల్సింది. అడిగినా, ట్యాంకు చూసి రమ్మనేది.

“అమ్మా, లైన్లో ఉన్నారా?”

“ఉన్నానండీ. ఉంచండి.”

“ఎవరని ఉంచను?”

“అది నాకూ తెలీదండీ. ఐదో అధ్యాయంలో చూస్తాను.”

ఫోను జేబులో పెట్టుకుని, ఆవిడ కంటి ముందు అద్దం మార్చింది.

“ఇప్పుడు బాగుందా... ఇప్పుడా?”

“రెండూ ఒకలాగే ఉన్నాయమ్మాయ్,” అంది ఆవిడ. “తొందరేం లేదు. ఇంకోసారి వెయ్యి.”