చీటీ మీది తేదీ

మా నిఘంటువు ఆఫీసులో ఒక పాడు నియమం ఉంది. ప్రతి మాటకీ ఇచ్చే ఉదాహరణ ఎవరో నిజంగా అన్నదై ఉండాలి. విన్న వెంటనే తేదీ వేసి చీటీ మీద రాసుకోవాలి. ముప్పై ఏళ్లుగా నా జేబులో చీటీలు లేని రోజు లేదు. "పెళ్లాం తిడుతున్నా రాసుకునే రకం" అని నా భార్య అందరికీ చెప్పేది.

ఇవాళ 'గ్యాస్' వంతు వచ్చింది. పుట్టుక సులువుగానే తేలింది. ఆకారం లేని శూన్యాన్ని గ్రీకులు 'ఖావోస్' అన్నారు. అందులోంచి ఒక పాతకాలపు శాస్త్రవేత్త ఈ మాట కల్పించాడు. వంట గ్యాసుకి "గ్యాస్ కట్టేశారా?" అనే చీటీ దొరికింది. కోతలకి "చాల్లెండి, గ్యాస్ కొట్టకండి" దొరికింది. రెండూ నా భార్య అన్నవే.

"కడుపులో గ్యాసుకి లేదా?" అని సంపాదకుడు అడిగాడు.

"లేదండీ."

ఆయన ఊరుకోలేదు. పెట్టె అడుక్కి నేను తోసేసిన చీటీని లాగి పైకి చదివాడు.

"'గుండెల్లో పట్టేసినట్టుంది. గ్యాసేలెండి, అదే తగ్గిపోతుంది.' నీ దస్తూరీయే కదయ్యా! ఎంత సహజంగా ఉందో! తేదీ కూడా..."

ఆయన చీటీని బల్ల మీద బోర్లించి పెట్టాడు. ఆ తేదీ సాయంత్రమే ఆఫీసంతా నా భార్యను కడసారి సాగనంపడానికి మా ఇంటికి వచ్చింది.

ఆ పొద్దున ఆమె గోడకి ఆనుకుని ఆ మాట అంది. మంచి వాక్యం దొరికిందని మురిసిపోయాను. చీటీ తీసి రాశాను. తేదీ వేశాను. సిరా ఆరేదాకా ఊదాను.

అప్పుడు తలెత్తి చూశాను.